రైలు పోతుంది సరే, ఆగేదెక్కడ?

మన పల్లెలకు బస్సు రాకపోలేదు. వచ్చి ఊళ్లో ఆగింది. వాడకు అక్కణ్ణించి నడకే. స్టాపు ఎక్కడ పెట్టాలో ఇంజనీరు టేపు పెట్టి తేలుస్తాడని ఎవరన్నా చెబితే మనం నమ్మం. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నల్లవాళ్లూ నమ్మలేదు.

ఆ నగరంలో లీమర్ట్ పార్క్ అని ఒక పేట ఉంది. 1920లలో కట్టినప్పుడు అది తెల్లవాళ్ల అగ్రహారం. నల్లవాడికి ఇల్లు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకున్నారు. అలాంటి రాతల్ని కోర్టులు అమలు చేయరాదని 1948లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత నల్లవాళ్లు వచ్చి చేరారు. జాజ్ సంగీతంతో, కవిత్వంతో, చిన్న చిన్న దుకాణాలతో ఆ పేటను తమది చేసుకున్నారు.

2008లో ఆ కౌంటీ ఓటర్లు రైళ్ల కోసం అమ్మకాల మీద డాలరుకు అర సెంటు అదనపు పన్ను కడతామన్నారు. ఆ డబ్బుతో క్రెన్షా దారిన 8.5 మైళ్ల లైను అన్నారు. తీరా ప్లాను చూస్తే రైలు లీమర్ట్ పార్క్ కింద సొరంగంలో పోతుంది గానీ అక్కడ స్టేషను ఖాయం లేదు. బడ్జెట్టులో ఇమిడితే చూద్దామన్నారు. పన్ను వసూలుకు మాత్రం అట్లాంటి షరతేమీ లేదు!

నల్లవాళ్లంతా ఒకే మాట మీద లేరు. ముందు స్టేషను కావాలన్నారు కొందరు. పార్క్ మేసా హైట్స్ దగ్గర రైలు నడిరోడ్డు మీద పోతే పిల్లలకు ప్రమాదం, దుకాణాలకు దెబ్బ, అక్కడా సొరంగమే తవ్వాలన్నారు ఇంకొందరు. స్టేషనొస్తే అద్దెలు పెరిగి మనమే పేట ఖాళీ చేయాల్సొస్తుందన్న భయం మరికొందరిది. మూడింట్లోనూ నిజముంది. "ముందు మీలో మీరు తేల్చుకుని రండి" అనే మాట మనం కలెక్టరాఫీసుల్లో ఎన్నిసార్లు విన్నాం! మనలో వాదులాట ఉందని మన హక్కు పోదు. వాళ్లు వాదులాడుకుంటూనే అడిగారు, కోర్టుకూ పోయారు. 2013 మేలో మెట్రో బోర్డు స్టేషనుకు ఒప్పుకుంది. రెండో సొరంగం ఇవ్వలేదు. 2022 అక్టోబర్ 7న రైలు నడిచింది. మేసా హైట్స్‌లో అది రోడ్డు మీదే పోతోంది.

1972లో బొంబాయిలో మనవాళ్లు బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు. ఈ స్టేషను తగాదానూ చూడాలి. ఎందుకంటే మనకూ ఒకటుంది.

హైదరాబాదులో 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మూసీ ఒడ్డున ఎం.జి.బి.ఎస్. దాకా వచ్చి ఆగింది. మొదటి ప్లానులోనే ఉన్న ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్లు మిగిలిపోయింది. మసీదులు, దర్గాలు, గుళ్లు దెబ్బతింటాయన్నారు. కాదనం. మరి సుల్తాన్ బజార్ వ్యాపారులు అంత గట్టిగా అడ్డం తిరిగినా అక్కడ లైను పడింది గదా? పాతబస్తీకొచ్చేసరికే ఎందుకు చేతులు ముడుచుకున్నారు?

2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. పాతబస్తీకి మెట్రో రావాలి, మేం ఆ పక్షమే. రోడ్డు వెడల్పులో ఆస్తి పోయినవాడికి నష్టపరిహారం లెక్క గజాల్లో కడతారు. గజం భూమి లేని తోపుడుబండి ముస్లిం సోదరుడికి, ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే మాదిగన్నకు ఏ లెక్క కడతారు? స్టేషను మెట్ల పక్కనే వాళ్లకు చోటు ఇస్తామని కాగితం మీద రాసివ్వాలి. పిల్లర్లు లేచాక కాదు, ఇప్పుడే.