డ్రాయింగ్ రూమ్‌లోకి తోలుబొమ్మ: గోడకు అందం సరే, చేతికి దక్కేదెంత?

హైదరాబాద్ పడమటి వైపు కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో కొత్తగా గృహప్రవేశం జరిగిన ఫ్లాట్ తలుపు తీస్తే దాదాపు ఒకే ఇల్లు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. జిప్సం ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో దాచిన ఎల్‌ఈడీ పట్టీ, టీవీ వెనక నిలువు గాళ్ల ప్యానెల్, బూడిద రంగు సోఫా. బిల్డర్ వేరు, డిజైనర్ వేరు, ఖర్చు వేరు. ఫోటో తీస్తే మాత్రం ఎవరిల్లో పోల్చుకోవడం కష్టం. అందుకే ఇది ఫలానావారి ఇల్లు అని చెప్పే భారం చివరికి ఒక మూల మీద పడుతుంది. ఆ మూలలో ఈ మధ్య తోలుబొమ్మల దీపం నిలబడుతోంది. లేదంటే కలంకారీ ఫ్రేమ్, చేర్యాల ముఖం, ఏటికొప్పాక లక్క సామాను. డిజైనర్లు దీన్ని ‘స్టేట్‌మెంట్ పీస్’ అంటారు.

ఆధునిక గృహాలంకరణ చేతిపనిని మళ్లీ ఇంట్లోకి తెచ్చిందని పండుగల సీజన్‌లో వచ్చే కథనాలన్నీ సంతోషిస్తాయి. సంతోషించాల్సిందే. కాకపోతే ఆ వస్తువు ఏ రూపంలో వచ్చింది, ఎవరి పేరుతో వచ్చింది, ఏ దారిన వచ్చింది అన్నవి ఎవరూ పెద్దగా అడగరు. వస్తువు విలువలో కళాకారుడి చేతికి ఎంత చేరుతుందో తేల్చేది ఈ మూడు సంగతులే.

రాత్రంతా ఆడిన బొమ్మ, రాత్రంతా వెలిగే దీపం

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. ఆంధ్ర తోలుబొమ్మలు దేశంలోని ఛాయాబొమ్మల్లో చాలా పెద్దవి. మనిషెత్తు రాముడు, రావణుడు తెర మీద కాళ్లూ చేతులూ కదుపుతూ యుద్ధం చేస్తారు. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్విస్తారు. తెర వెనక ఆముదం దీపాలు. ఆట మొదలైతే తెల్లవారే దాకా సాగేది. సినిమా వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది, ఊళ్లలో రాత్రి ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆడించే కుటుంబాలకు చేతిలో మిగిలింది తోలును అద్దంలా చేసే విద్య.

ఆ విద్య చిన్నదేమీ కాదు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఎండబెడితే వెలుతురు అటు నుంచి ఇటు కనిపించేంత పలుచన అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగలకూ చీర అంచులకూ చిల్లులు పొడుస్తారు. రంగు రెండు వైపులా వేస్తారు. తెర మీద తళుక్కుమనే హారం నిజానికి రంగు కాదు, ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగు. ఇదే తోలును ఇనుప తీగ చట్రానికి బిగించి లోపల బల్బు పెడితే ల్యాంప్ షేడ్ అయింది. బొమ్మ వెనక దీపం ఉండాలన్న మూలసూత్రం చెక్కుచెదరలేదు. అందుకే ఈ మార్పు అతికినట్టు కాకుండా సహజంగా కుదిరింది. పెద్దగా వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు వచ్చాక తోలుకు భయం కూడా తగ్గింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

పోయిందేమిటో కూడా చెప్పుకోవాలి. దీపం షేడ్ మీద హనుమంతుడు ఉంటాడు కానీ కదలడు, మాట్లాడడు. జుట్టుపోలిగాడికి షేడ్ మీద చోటు దొరకడం అరుదు. ఇంటికి వచ్చినవాళ్ల ముందు కొనేవాళ్లకు దేవుడో, నెమలో, కల్పవృక్షమో కావాలి గానీ, మోటు హాస్యం చేసే బొమ్మ ఎందుకు? పాట, మాట, ఆట ఒక తరంతో జారిపోతుంటే, బొమ్మ మాత్రం ఒంటరిగా నగరానికి వచ్చింది. ఇది దిగజారుడని తేలిగ్గా అనేయొచ్చు. ఆట కట్టిన రోజున కడుపు నింపినది ఈ దీపమేనన్నది ఆ కుటుంబాలకు తెలిసిన లెక్క.

గూడు పోయిన ఇల్లు

మిగతా కళలదీ కొంచెం అటూ ఇటూగా ఇదే దారి. చేర్యాల నకాషీ చిత్రం ఒకప్పుడు గోడకు తగిలించేది కాదు. కుల పురాణాలు చెప్పే కథకుడు ఊరూరా విప్పుతూ పోయిన బారెడు బారెడు బట్ట చుట్ట. కథకులు తగ్గాక ఆ చుట్టలోంచి ఒక్కో గడి కత్తిరించినట్టుగా ఫ్రేములు వచ్చాయి, ముఖాలు వచ్చాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బొమ్మల కోసం పుట్టిన ఈ పని డ్రాయర్ పిడులకు, దీపపు స్తంభాలకు, గోడ గడియారాలకు తేలిగ్గా ఒదిగింది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

కొండపల్లి బొమ్మది మాత్రం కష్టంగా ఉంది. తెల్ల పొణికి కర్ర తేలిక, రంగు నిండుగా పడుతుంది, కానీ బొమ్మ జానెడు. దశావతారాలో, పెళ్లి పల్లకో, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడో వరసగా పేర్చుకుంటేనే దానికి ప్రాణం. పాత ఇళ్లలో గోడలోనే గూళ్లుండేవి. సంక్రాంతికీ దసరాకీ మెట్ల మీద బొమ్మల కొలువు తీరేది. ఫ్లాట్ గోడ మందం నాలుగు నుంచి తొమ్మిది అంగుళాలు, గూడుకు చోటే లేదు. టీవీ యూనిట్ పక్కన మిగిలే అర సౌండ్ బార్‌కో, అవార్డు షీల్డ్‌కో పోతుంది. అలంకరణ వస్తువు బతకడం దాని అందం మీదే ఆధారపడదు. ఇంటి ప్లాన్ గీసేవాడు దానికి జాగా ఇచ్చాడా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. మాడ్యులర్ ప్యాకేజీ కేటలాగులో ఒక్క గూడు గీయించగలిగితే, ఆ పని ఏడాదికి నాలుగు ప్రదర్శనలు పెట్టినదానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

పేరుకు రక్షణ ఉంది, రూపానికి లేదు

కళ డ్రాయింగ్ రూమ్‌లోకి రాగానే నకలు కూడా వెంటే వస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ అంటే బట్టను కరక్కాయ, పాల మిశ్రమంలో తడిపి, ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగుతో, వెదురు కలంతో గీసి, పటిక వేసి, రంగుల్లో ఉడికించి, మళ్లీ మళ్లీ ఉతికే పని. రోజులు, ఒక్కోసారి వారాలు. కర్టెన్ల దుకాణంలో మీటర్ల లెక్కన తెగే ‘కలంకారీ’ చాలావరకు స్క్రీన్ ప్రింట్ లేదా డిజిటల్ ప్రింట్. దాన్ని అమ్మడం నేరం కాదు. చేతిపని అని చెప్పి అమ్మడం మోసం. మధ్యలో ఏమీ చెప్పకుండా అమ్మడమే వ్యాపారం.

దీనికి మందు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ అని తరచూ వింటుంటాం. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. పోచంపల్లి ఇక్కత్ మొదటి వరసలోనే నమోదైంది. ఏటికొప్పాకకు 2017లో, వరంగల్ డర్రీలకు 2018లో వచ్చింది. తప్పుడు గుర్తింపు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. కాగితం మీద గట్టి చట్టమే. అయితే అది కాపాడేది పేరును. నమోదైన ప్రాంతంలో తయారుకాని వస్తువును ఆ పేరుతో అమ్మకూడదు, అంతే. తోలుబొమ్మ హనుమంతుడి గీతల్ని ప్లాస్టిక్ షీటు మీద అచ్చేసి ‘ఎథ్నిక్ ల్యాంప్’ అని అమ్మితే జీఐ చట్టానికి అక్కడ పట్టు దొరకదు. డిజైన్ల చట్టం కొత్త డిజైన్లకే వర్తిస్తుంది. తరతరాలుగా అందరికీ తెలిసిన రూపం కొత్తది కాదు కాబట్టి దాని కింద నమోదు కాదు. ఎంత పాత కళ అయితే అంత సులువుగా ఎత్తుకుపోవచ్చన్న మాట.

రక్షణ మాటలు విధానాల్లోనూ ఇలాగే జారిపోయాయి. 2012లో సింగిల్ బ్రాండ్ రిటైల్‌లో విదేశీ పెట్టుబడి 51 శాతం దాటితే, సరుకులో 30 శాతం విలువ భారత్‌లోనే కొనాలని కేంద్రం షరతు పెట్టింది. వీలైనంతవరకు చిన్న పరిశ్రమలు, గ్రామీణ, కుటీర పరిశ్రమలు, చేతివృత్తులవారి నుంచి కొనాలని అందులోనే రాసింది. ఆ షరతుల నీడలోనే ఐకియా 2018 ఆగస్టు 9న దేశంలో తన తొలి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. 2019లో నిబంధన సడలింది. ఎగుమతి కోసం భారత్‌లో కొన్నదంతా కూడా ఆ 30 శాతంలోకి లెక్కకు వస్తోంది. పెద్ద కంపెనీలకు ఇది సమంజసమే. దశాబ్దాలుగా ఇక్కడి తివాచీలు, వస్త్రాలు కొంటున్నవాళ్లు వాళ్లు. ‘వీలైనంతవరకు’ అన్న మాటతో కళాకారుడికి దక్కిందేమిటో అడిగే నాథుడు మాత్రం లేడు.

ఎగుమతిని నమ్ముకున్నవాళ్ల పరిస్థితి 2025 ఆగస్టులో తెలిసొచ్చింది. 27వ తేదీ నుంచి అమెరికా భారతీయ వస్తువుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చడంతో భదోహీ తివాచీ, మొరాదాబాద్ ఇత్తడి, జోధ్‌పూర్ కలప, పానిపట్ వస్త్రాల వ్యాపారం ఒక్కసారిగా తడబడింది. తివాచీల ఎగుమతిలో సగానికి పైగా వెళ్లేది ఆ దేశానికే. విదేశీ ఆర్డరు ఆగినప్పుడు ఆ సరుకు దేశంలోని నగరాల వైపు చూడటం సహజం. నిమ్మలకుంట దీపానికీ, చేర్యాల ఫ్రేముకూ హైదరాబాద్ ఫ్లాట్ మూలలో పోటీ అంటే ఒక్క ప్లాస్టిక్ నకలుతోనే కాదు, ఎగుమతి స్థాయి నాణ్యత ఉన్న ఇత్తడి దీపంతోనూ.

పన్ను తగ్గింది, దారి తగ్గలేదు

2025 సెప్టెంబర్ 22 నుంచి చేతితో చేసిన దీపాలు, చెక్కిన కలప వస్తువులు సహా అనేక హస్తకళా ఉత్పత్తుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పూర్తిగా వెదురు, పేముతో చేసిన ఫర్నిచర్‌కూ అంతే. పన్ను కాకుండా 10,000 రూపాయల దీపం మీద 1,200 కట్టాల్సిన కొనుగోలుదారు 500 కడతాడు. మంచిదే. కానీ చిన్న కళాకారుల్లో చాలామందికి జీఎస్టీ నమోదే ఉండదు, వాళ్ల స్థాయి టర్నోవర్‌కు అక్కర్లేదు కూడా. వాళ్లు నేరుగా అమ్మితే ముందూ పన్ను లేదు, తర్వాతా లేదు. తగ్గింపు తగిలేది షోరూమ్ బిల్లుకు. దానివల్ల అమ్మకాలు పెరిగితే ఆర్డరు రూపంలో కొంత కిందికి దిగవచ్చు. దుకాణం కళాకారుడికి ఇచ్చే ధర పెంచాలన్న నియమం ఎక్కడా లేదు.

నేరుగా అమ్ముకుందామంటే ఇంకో చిక్కు. 20 లక్షల రూపాయల టర్నోవర్ దాటని హస్తకళాకారుడు నమోదు లేకుండానే పక్క రాష్ట్రానికి సరుకు అమ్ముకోవచ్చని 2017 నుంచి వెసులుబాటు ఉంది. అదే సరుకును ఈ-కామర్స్ వేదిక మీద పెడితే లెక్క మారుతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి నమోదు లేనివారు ఆన్‌లైన్ వేదికల్లో అమ్మొచ్చు, అదీ సొంత రాష్ట్రంలోనే. పటం తీసి చూస్తే ఇది ఎంత విచిత్రమో అర్థమవుతుంది. నిమ్మలకుంటకు దగ్గరి మహానగరం బెంగళూరు, అది కర్ణాటక. తెలుగు కొనుగోలుదారుల పెద్ద బజారు హైదరాబాద్, 2014 జూన్ 2 నుంచి అదీ వేరే రాష్ట్రమే. తన దీపం ఎక్కువగా అమ్ముడుపోయే రెండు నగరాలకూ పోర్టల్ ద్వారా పంపాలంటే కళాకారుడు నమోదు చేయించుకోవాలి, రిటర్నులు వేయాలి, అందుకు ఎవరికో ఫీజు కట్టాలి. అంత తిప్పలెందుకని మధ్యవర్తికే టోకున ఇచ్చేస్తాడు. ఆ పెట్టె మీద మధ్యవర్తి పేరే ఉంటుంది.

పేరు లేకపోవడం చిన్న లోటేమీ కాదు. పెయింటింగ్ కొంటే కింద సంతకం వెతుకుతాం, తోలు దీపం కొంటే బ్రాండ్ స్టిక్కర్ చూసి సరిపెట్టుకుంటాం. లేపాక్షి, గోల్కొండ వంటి ప్రభుత్వ షోరూముల్లో కూడా ధర చీటీ మీద కళ పేరు, ఊరి పేరుతో పాటు చేసిన మనిషి పేరు రాయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల జాబితాలో సంప్రదాయ బొమ్మల తయారీదారు ఉన్నాడు, చెప్పులు కుట్టేవారు ఉన్నారు. తోలుబొమ్మల కళాకారుడి పేరు విడిగా లేదు, అతన్ని ఏ గడిలో కూర్చోబెట్టాలో దరఖాస్తు తీసుకునేవాళ్లు తేల్చుకోవాలి.

రాష్ట్రాలు దాటి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సరఫరాదారులకు నమోదును సులభం చేసే విధానానికి జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబర్ సమావేశంలోనే సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పన్ను తగ్గింపు పతాక శీర్షికలకెక్కింది, ఇది లోపలి పేజీల్లో ఉండిపోయింది. ధర్మవరంలో చట్రానికి తోలు బిగించేవాడు తన దీపాన్ని తన పేరుతోనే బెంగళూరుకో కోకాపేటకో పంపగలడా అన్నది మాత్రం 7 శాతం తగ్గింపు మీద కన్నా ఆ రెండో నిర్ణయం నియమాలుగా ఎలా మారుతుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.