ముడుచుకున్న కాలివేళ్లు

పక్షవాతం నుండి కోలుకున్న కొందరిలో కాలివేళ్లు క్రిందికి ముడుచుకుని బిగుసుకుపోతాయి. చెప్పు తొడగడం కష్టం. సజ్దాలో వేళ్లు సరిగా ఆనవు. దీనిని వయోభారమని సరిపెట్టుకునే కుటుంబాలను మేము కామవరపుకోటలోనూ చూస్తున్నాము. కానీ దీనికి బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్ ఉంది. నాడి నుండి కండరానికి అందే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. వేళ్లను ముడిచే ప్రధాన కండరాలు పిక్కలో ఉన్నందున సూది తరచుగా అక్కడే వేస్తారు. ఒకటి రెండు వారాల్లో బిగువు సడలుతుంది. ఆ సడలింపు సుమారు 3 నెలలే. ఆలోగా వేళ్లు చాచే వ్యాయామాలు చేయించాలి. కీళ్లే బిగిసిపోయాక ఈ మందు వాటిని సాగదీయలేదు. ఏలూరుకో విజయవాడకో ప్రయాణం శ్రమే అయినా, నరాల వైద్యుణ్ణి త్వరగా సంప్రదించండి. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. అంతవరకు కుర్చీపై నమాజు చేసుకునే సౌలభ్యం ఉండనే ఉంది.