ఎర్ర బురద... కొనేవాడుంటేనే సరుకు

పుంగ్గోల్ (సింగపూర్): ఇసుక కూడా బయటి దేశాల నుంచి కొనుక్కోవాల్సిన దేశం ఇది. 2007లో ఇండోనేసియా ఇసుక ఎగుమతి ఆపేస్తే ఇక్కడ కాంక్రీటు రేటు ఎలా ఎగబాకిందో అప్పట్లో సైట్లలో ఉన్న మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చెత్త కాల్చిన బూడిద పోసే సెమకావు దీవి 2035 నాటికి నిండిపోతుందని ప్రభుత్వ అంచనా. అందుకే ఆ బూడిదనే 'న్యూసాండ్'గా మార్చి రోడ్డు కింద వేసి పరీక్షించారు. చోటు లేనివాడికి చెత్త విలువ త్వరగా తెలుస్తుంది మరి.

మన వైపు సంగతేంటి? విశాఖకు ఎగువన, ఒడిశాలోని దమన్‌జోడిలో నాల్కో కర్మాగారం ఉంది. అక్కడి అల్యూమినా మన విశాఖ రేవుకొచ్చి ఓడ ఎక్కుతుంది. బురద మాత్రం కొండ మీదే ఉండిపోతుంది. బాక్సైట్‌ను కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా తీసేశాక మిగిలేదే ఈ ఎర్ర బురద. టన్ను అల్యూమినాకు ఇది టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. ప్రపంచం మొత్తమ్మీద వాడకంలోకి వస్తున్నది నూటికి మూడు, నాలుగు పాళ్లే.

ఇందులో ఏముందంటే, ఇనుముంది, టైటానియం ఉంది, కొద్దిగా గాలియం, స్కాండియం కూడా ఉన్నాయి. స్కాండియం చాలా ఖరీదైన లోహం కాబట్టి 'బురదలో బంగారం' అంటూ వార్తలొస్తుంటాయి. కానీ అది ఉండేది టన్నుకు గ్రాముల లెక్కన. దాన్ని తీయడానికి ఆమ్లం బోలెడు కావాలి, ఆ తర్వాత మళ్లీ కొత్త వ్యర్థం మిగులుతుంది. టన్నులకు టన్నులు ఖర్చయ్యే దారి సిమెంటు ఒక్కటే. కర్ణాటకలోని బెళగావి హిండాల్కో తన బురదను సిమెంటు ఫ్యాక్టరీలకు పంపుతోంది. ఇనుము కోసం సిమెంటువాళ్లకూ అది పనికొస్తుంది. అయితే సోడా ఎక్కువుంటే సిమెంటు పాడవుతుంది కాబట్టి కలిపేది కొంచెమే. పైగా తడి బురద. లారీ కిరాయి సరుకు ధరను మించిపోతుంది. దమన్‌జోడి నుంచి మాచర్ల, మట్టపల్లి దాకా మోయాలంటే ఎవరు ముందుకొస్తారు?

బొగ్గు బూడిదదీ ఒకప్పుడు ఇదే కథ. 1999లో కేంద్రం రూలు పెట్టింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుక తయారీలో బూడిద కలపాల్సిందేనంది. ఇవాళ మన ఊళ్లలో ఫ్లైయాష్ ఇటుక లేని ఇల్లు కట్టేవాళ్లు తక్కువ. ఎర్ర బురదకూ అలాంటి ఒత్తిడి ఉంటే తప్ప ప్రయోగశాల దాటి రాదని చెప్పక తప్పదు.

నిల్వ ఉంచితే ఏమవుతుందో హంగరీలో చూశాం. 2010 అక్టోబరు 4న అయ్‌కాలో కట్ట తెగి బురద ఊళ్ల మీద పడింది. పది మంది చనిపోయారు. సోడా వల్ల ఒళ్లు కాలిపోయినవాళ్లు ఎందరో. 2019 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని మూరిలోనూ బురద గుట్ట కూలింది.

అనకాపల్లి జిల్లా మాకవరపాలెంలో అన్‌రాక్ రిఫైనరీ కట్టి, బాక్సైట్ లేక ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. మన్యం గిరిజనులు తవ్వకాలను అడ్డుకున్నారు. 2015 నాటి జీవో 97ను 2019లో రద్దు చేశారు. ఖనిజం ఎక్కడి నుంచి తెస్తారనే దాని మీదే ఇన్నాళ్లూ రగడంతా. ఫ్యాక్టరీ నడిస్తే ఏటా లక్షల టన్నుల బురద ఏ ఊరి పక్కన పోస్తారు, ఎవరు కొంటారు? అటువైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతీ అడగండి.