బస్తీ చరిత్ర రాయడమూ సైన్సే

పిల్లలూ! "మీ బస్తీలో పెద్దవాళ్ళను కలిసి, అక్కడి సంగతులు రాసుకు రండి" అని సైన్సు మాస్టారు చెబితే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. "అది సోషల్ పాఠం కదా! మార్కులు వస్తాయా?" అని తల్లిదండ్రులు కూడా అడుగుతారు. కాని ఇది సైన్సు విద్యార్థి తప్పక చేయవలసిన పని అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

హైదరాబాదులో మాసాబ్‌ట్యాంక్ అనే చోటు ఉంది. ట్యాంక్ అంటే చెరువు. గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగంను 'మా సాహెబా' అనేవారు. ఆమె పేరుతో వెలసిన ఆ చెరువు పూడిపోయింది, పేరు మాత్రం మిగిలింది. కాని నీరు పల్లమెరుగు అని సామెత. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసినప్పుడు, నగరంలో పాత చెరువుల నేలమీద, నాలాల పక్కన కట్టుకున్న కాలనీలు ఎన్నో మునిగాయి. అక్కడ ఇల్లు కట్టేముందు, ఆ నేల సంగతి ఎరిగిన ముసలివారిని అడిగినవారు ఎందరు?

1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతనే మూసీని అదుపు చేయడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు. ఆ చెట్టు సంగతి ఒకరు చెప్పగా, మరొకరు రాసిపెట్టగా మనదాకా వచ్చింది. మీ బస్తీలోనూ ఇలాంటి సంగతులు ఉంటాయి. వాటిని ఎరిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

మరి ఎలా రాయాలి? విన్నదంతా రాసేస్తే సైన్సు కాదు. "నీళ్ళు ఈ గడపదాకా వచ్చాయి" అని ఒక అవ్వ చెబితే, ఏ సంవత్సరమో అడగండి. గుర్తు లేకపోతే, "అప్పటికి మీ పెద్దబ్బాయి ఏ తరగతి?" అని అడగండి. అదే ప్రశ్న ఇంకో ఇంట్లో విడిగా అడగండి. గోడమీద నీటి మరక ఉంటే దాని ఎత్తు టేపుతో కొలవండి. కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మవద్దు. వెనుకటి రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ ఉజ్జాయింపుగా వేయించుకున్నవారు ఎందరో! రెండు మాటలు పొసగకపోతే రెండూ రాయండి. పొసగలేదని కూడా రాయండి.

నవాబులూ మేడలూ మాత్రమే చరిత్ర అనుకోకండి. ఏ మూల నీరు నిలుస్తుందో కాలువలు శుభ్రం చేసేవారికి తెలుసు. ఎంత లోతున నీరు పడిందో బావులు తవ్వినవారికి తెలుసు. ఏ రేవు ఎప్పుడు మూతపడిందో చాకలివారికి తెలుసు. వారిని కూడా 'మీరు' అని గౌరవంగా పలకరించండి. వారు సరేనంటేనే పేరు రాయండి.

ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఇలాంటి నోటుపుస్తకం ఒకటి ఉండాలి. ఈ ఏడు ఎనిమిదవ తరగతివారు రాసినదాన్ని, వచ్చే ఏడు ఆ తరగతికి వచ్చినవారు సరిచూసి, కొత్తవి చేర్చాలి. దసరా సెలవుల్లో నాలుగు సాయంత్రాలు చాలు, పని మొదలవుతుంది. ముందుగా మీ వీధిలో అందరికంటే వయసులో పెద్దవారెవరో కనుక్కోండి.