సాల్టు పేరు ముందే అడగొద్దు



ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన డార్మిటరీలో ఎక్కడ విన్నా ఒకటే మాట: “ఏ సాల్టు ఇస్తారంట?” సీనియర్ల నోటుబుక్కులు చేతులు మారుతున్నాయి. దీని మీద నా అభిప్రాయం చెప్పాలని ఈసారి గోడపత్రికకు రాస్తున్నాను.

తొమ్మిది, పది చదివే తమ్ముళ్లకు ముందు విషయం చెప్పాలి. ఇంటర్ కెమిస్ట్రీలో మాకు ఒక లవణం ఇస్తారు. పేరు చెప్పరు. అందులో ఒక ధన అయాను, ఒక ఋణ అయాను ఉంటాయి. అవి ఏవో పరీక్షలు చేసి కనిపెట్టాలి. రికార్డులో మూడు గడులు గీస్తాం: ప్రయోగం, పరిశీలన, అనుమితి. ఏం చేశాం, ఏం కనబడింది, దాన్ని బట్టి ఏం అనుకోవచ్చు అన్నమాట.

మరి మనం చేస్తున్నదేమిటి? సాల్టు పేరు ముందే తెలుసుకొని, అనుమితి మొదట రాసేసి, దానికి సరిపోయే పరిశీలన తర్వాత నింపుతున్నాం. గొధుమ వలయం రాకపోయినా “వచ్చింది” అని రాస్తాం. ఇది వెనక నుంచి ముందుకు నడవడం కాదా?

వలయం రాకపోవడానికి కూడా ఒక కారణం ఉంటుంది. నైట్రేటు పరీక్షకు ఫెర్రస్ సల్ఫేటు ద్రావణం అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. పాతబడితే అది గాలి తగిలి ఫెర్రిక్‌గా మారిపోతుంది, వలయం సరిగా రాదు. “రాలేదు” అని నిజం రాసినవాడే “ఎందుకు రాలేదు?” అని అడుగుతాడు. “వచ్చింది” అని రాసినవాడికి అడగాల్సిన పనే లేదు.

ఈ పరీక్షలకు ఒక వరస ఎందుకు పెట్టారో కూడా ఆలోచించండి. అమ్మోనియం అయాను ఉందేమో మొదట్లోనే చూడమంటారు. సోడియం హైడ్రాక్సైడు కలిపి వేడి చేస్తే ఘాటు వాసన వస్తుంది. ఎందుకు మొదట్లోనే? మూడో గ్రూపుకు వచ్చేసరికి అమ్మోనియం క్లోరైడు మన చేత్తో మనమే పోస్తాం. ఆ తర్వాత వెతికితే ఏ సాల్టులో అయినా అమ్మోనియం దొరుకుతుంది! అలాగే మొదటి గ్రూపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసిన ద్రావణంలో క్లోరైడు కోసం వెతకకూడదు. మనం పోసిందే మనకు దొరుకుతుంది. సాల్టు పేరు ముందే తలలో పోసుకున్నవాడి సంగతీ అంతే.

జర్మనీ దేశపు ఫ్రెసీనియస్ అనే ఆయన ఇలాంటి గుణాత్మక విశ్లేషణ మీద 1841లో పుస్తకం అచ్చు వేయించారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. మన అన్నల వయసే కదా! చదువుకునే వయసువాళ్లు చేయగలిగిన పనే ఇది.

మా ఊళ్లో పెద్దవాళ్లు మందు వేరు తవ్వేటప్పుడు ఒక్క ఆకు చూసి పేరు చెప్పెయ్యరు. ఆకు చూస్తారు, బెరడు గీరుతారు, వాసన చూస్తారు. అప్పుడే “ఇదే” అంటారు. నిర్ధారణ పరీక్ష అంటే అదే. జ్వాలా పరీక్షలో ఆకుపచ్చ మంట కనబడగానే బేరియం అని రాసేస్తే ఎలా? రాగి కూడా ఆకుపచ్చ మంటే ఇస్తుంది. రాగి అయితే అమ్మోనియా ఎక్కువగా పోసినప్పుడు ముదురు నీలం రంగు రావాలి. బేరియం అయితే పొటాషియం క్రోమేటుతో పసుపు అవక్షేపం రావాలి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. సాల్టును నాలుక మీద వేసుకొని మాత్రం చూడొద్దు. సీసం, బేరియం లవణాలు విషం.

“ఇవన్నీ బాగానే ఉన్నాయి, మార్కులు పోతే నువ్విస్తావా?” అని కొందరు అంటారు. అది న్యాయమైన ప్రశ్నే. మనలో చాలామంది ఇళ్లలో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి మనమే. ఒక్క మార్కు కూడా మనకు బరువే. కానీ మార్కు ఒక్కసారే వస్తుంది, పని మళ్లీ మళ్లీ వస్తుంది. రేపు మనలో ఒకడు ల్యాబ్ టెక్నీషియన్ అవుతాడు. మన ఊరి బోరు నీళ్లు సీసాలో పట్టి అతని ముందు పెడతారు. ఆ నీళ్లలో ఏముందో ఏ సీనియరూ ముందే చెప్పడు. ఫ్లోరైడుకు రంగు లేదు, తాగితే రుచిలో తెలియదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. చూడకుండానే “సరిపోయింది” అని రాస్తే ఊళ్లో పిల్లల పళ్లు, ఎముకలు పాడవుతాయి. అక్కడ గడి నింపడం చెల్లదు.

కాబట్టి సార్లకు నా మనవి. పేరు తప్పినా, పరిశీలన నిజంగా రాసి, దాని నుంచి సరిగా ఆలోచించినవాడికి మా రోజువారీ ప్రాక్టికల్స్‌లో అయినా మార్కులు వేయండి.

వార్డెన్ గారికి ఒక మనవి. ల్యాబులో స్వేదన జలం అయిపోతే కుళాయి నీళ్లే వాడుతున్నాం. కుళాయి నీళ్లలో క్లోరైడు ఉంటుంది. అందులో స్ట్రాన్షియం నైట్రేటు కరిగించి సిల్వర్ నైట్రేటు వేస్తే తెల్లబడుతుంది. పిల్లవాడు ఉన్నది ఉన్నట్టు చూసి “క్లోరైడు” అని రాస్తాడు, సున్నా వస్తుంది. అతను చూసింది నిజమే, కానీ అది సాల్టులోది కాదు, నీళ్లలోది. నిజం రాసినవాడు ఓడిపోయి, చూచిరాసినవాడు గెలిస్తే ఇంకెవరు నిజం రాస్తారు? నెలకు సరిపడా స్వేదన జలం తెప్పించండి చాలు.

మిత్రులారా, మనం చేయగలిగింది కూడా ఒకటుంది. సాల్టు పరీక్షతో పాటు పక్కన ఇంకో పరీక్షనాళికలో ఉత్త నీళ్లు తీసుకొని అదే పరీక్ష చేయండి. అందులోనూ తెల్లబడితే నీళ్లను అనుమానించండి. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు.

ఇక ఎవరైనా “ఏ సాల్టు?” అని అడిగితే “చూసి చెబుతా” అనండి.

— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి