ఎగిరే విద్య – పంచుకునే విద్య

పద్యాలు, వ్యాకరణం బోధించుకునే తెలుగు అధ్యాపకునికి డ్రోన్లతో పని ఏమని ఈ సంచిక తెరిచిన పాఠకులు అనుకోవడం సహజమే. మొన్నటి వరకు నేనూ అలాగే అనుకున్నాను. అయితే కొన్ని విషయాలు మనం వెతుక్కుంటూ పోకపోయినా అవే వచ్చి మన గడప తొక్కుతాయి. ఈ విషయం నా గడప తొక్కింది ఒక ఠాణా నుంచి వచ్చిన ఫోను రూపంలో.

నిరుడు సంక్రాంతి సెలవులలో దోమలగూడ డాబాలన్నీ పతంగులతో కళకళలాడుతున్న వేళ, మన కళాశాల విద్యార్థులు ముగ్గురు తాము స్వయంగా తయారు చేసుకున్న నాలుగు పంకాల యంత్రాన్ని ఒక డాబా మీద నుంచి ఎగురవేశారు. దాని మోటార్లు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్నవి. చట్రం ఒక విద్యార్థి తండ్రి నడుపుకునే మెకానిక్ షెడ్డులో అల్యూమినియం పట్టీలు కోసి బిగించినది. ఆరు నెలల పాటు చాయ్ డబ్బులు, బస్సు డబ్బులు మిగుల్చుకొని కూడబెట్టిన సొమ్ము అందులో ఉన్నది. యంత్రం చక్కగానే లేచింది. లేచిన కొద్ది క్షణాలకే గాలికి పక్కకు జరిగి, ఎదుటి ఇంటి డాబా మీద ఆరవేసిన బట్టల నడుమ పడింది. ఆ ఇంటి ఇల్లాలు భయపడి పోలీసులకు ఫోను చేసింది. ఆమె భయంలో తప్పు లేదు. తన డాబా మీద తెలియని యంత్రం వచ్చి వాలితే ఎవరైనా అంతే చేస్తారు.

ఠాణాలో అడిగిన మొదటి ప్రశ్న "దీన్ని ఎక్కడ కొన్నారు?" అని. "కొనలేదు సార్, మేమే చేశాం" అని పిల్లలు చెప్పారు. ఆ జవాబును అక్కడ ఎవరూ నమ్మలేదు. అందులో కెమెరా లేదని చూపి ఒప్పించడానికే గంట పట్టింది. చివరకు హెచ్చరించి, యంత్రాన్ని తిరిగి ఇచ్చి పంపివేశారు. వారు మర్యాదగానే మాట్లాడారని ఒప్పుకోవాలి. నన్ను బాధించినది ఆ తర్వాత మెట్ల మీద వినిపించిన మాట. ఆ మెకానిక్ తండ్రి నాతో, "మన పిల్లలకు ఇవన్నీ ఎందుకు సార్? వైర్లు, బ్యాటరీలు, ఆకాశంలో ఎగిరే సామాను... చూసేవాళ్ళు ఏమనుకుంటారు? చదువుకొని ఏదో ఒక నౌకరీ చూసుకుంటే చాలు" అన్నాడు. ఆ యంత్రం ఇప్పుడు వారింటి అటక మీద ఉన్నది. ఆనాడు ఆ తండ్రికి నేను సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం నేను చేసిన ప్రయత్నం.

విమానాన్ని మనిషి చెయ్యి తగలకుండా సమంగా నిలిపే యంత్రాన్ని ఆటోపైలట్ అంటారు. 1914లో లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్ యువకుడు పారిస్ వద్ద సేన్ నది మీద విమానం నడుపుతూ, చేతులు రెండూ పైకెత్తి చూపి జనాన్ని ఆశ్చర్యచకితులను చేశాడు. తిరుగుతున్న బొంగరం వంటి గైరోస్కోపులే విమానాన్ని అలా నిలిపాయి. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు ఈ విద్య సైన్యాల వద్ద, పెద్ద పెద్ద కంపెనీల వద్ద మాత్రమే ఉండిపోయింది. సామాన్యుని చేతికి అది వచ్చినది ఈ శతాబ్దంలోనే.

వచ్చిన తీరు చిత్రమైనది. కదలికను కొలిచే పరికరాలు సెల్‌ఫోన్ల కోసం, ఆటవస్తువుల కోసం లక్షల సంఖ్యలో తయారై, గోరంత పరిమాణానికి, కొద్దిపాటి ధరకు దిగివచ్చాయి. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో కొందరు ఉపాధ్యాయులు తమ విద్యార్థుల కోసం ఆర్డూయినో అనే చవక సర్క్యూట్ బోర్డును రూపొందించి, దాని నమూనాను లోకానికి ఉచితంగా ఇచ్చివేశారు. 2007లో అమెరికాలో క్రిస్ ఆండర్సన్ అనే పత్రికా సంపాదకుడు తన పిల్లల లెగో బొమ్మల మెదడుతో ఒక చిన్న విమానాన్ని నడిపి చూసి, ఇంట్లో డ్రోన్లు చేసుకునే వారందరినీ ఒక చోట చేర్చాడు. అలా చేరిన వారిలో జోర్డీ మున్యోస్ అనే మెక్సికో కుర్రవాడు ఒకడు. అమెరికాలో పని చేసుకునే అనుమతి కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్న రోజులలో, వీడియో గేము చేతికర్రలోని పరికరాన్ని ఊడదీసి, ఆట హెలికాప్టరుకు అమర్చి, దానిని సమంగా నిలిపాడు. చేసినదంతా దాచుకోకుండా అందరికీ చూపాడు. ఆండర్సన్ అతని ప్రయోగాలకు 500 డాలర్లు పంపాడు. 2009లో ఇద్దరూ కలిసి ఒక కంపెనీ పెట్టారు.

ఆ కంపెనీ కథ ఎలా ముగిసిందో చెబితేనే నేను అనదలచినది బోధపడుతుంది. కొన్నేళ్ళు వెలిగిన ఆ కంపెనీ చైనా తయారీదారుల పోటీకి నిలవలేక, 2016లో డ్రోన్ల తయారీని మానుకున్నది. కానీ ఆ సమూహం చేతిలో పెరిగిన ఆర్డూపైలట్ అనే ప్రోగ్రాము మాత్రం చావలేదు. ఎందుకంటే అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. దానిని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే మార్చినదానిని ఇతరులకు ఇచ్చేటప్పుడు ఆ మార్పులను కూడా బయటపెట్టాలన్నది షరతు. దుకాణం మూతపడినా విద్య నిలిచింది. 2012లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పోటీలో, దారి తప్పి పడి ఉన్న మనిషికి మారుగా పెట్టిన బొమ్మను ఆకాశం నుంచి వెతికి పట్టుకున్న బృందం ఈ ప్రోగ్రాముతోనే నెగ్గింది. స్విట్జర్లాండులో జూరిక్ విద్యార్థుల ప్రయత్నంగా మొదలైన పీఎక్స్4 కూడా ఇటువంటిదే.

ఇలా పంచుకోవడం కొత్త సంగతి కాదు. 1206లో అల్ జజరీ అనే శిల్పి తాను చేసిన నీటి గడియారాలు, తోడుయంత్రాల గురించి గ్రంథం రాస్తూ, చదివినవాడు తానూ చేసుకునేటట్లు కొలతలు, బొమ్మలు సహా వివరించాడు. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా పండితులు ఆ పుస్తకం చూసి ఆ యంత్రాలను తిరిగి నిర్మించగలిగారంటే, ఆయన ఏమీ దాచుకోకపోవడమే కారణం.

ఇక ఈ యంత్రం పని చేసే తీరు చూడండి. పతంగి ఎగురవేసిన ప్రతి హైదరాబాదీకి ఇది సగం తెలిసినదే. పతంగి కుడికి ఒరిగితే చెయ్యి ఒక విధంగా కదులుతుంది, గాలి పెరిగితే ఢీల్ ఇస్తాము, తగ్గితే దారం లాగుతాము. పతంగి ఎంత ఒరిగింది, ఎంతసేపటి నుంచి ఒరిగి ఉన్నది, ఎంత వేగంగా ఒరుగుతున్నది అనే మూడు లెక్కలను మన చెయ్యి మనకు తెలియకుండానే వేస్తుంది. ఆటోపైలట్ వేసేవి సరిగ్గా ఈ మూడు లెక్కలే. నాలుగు పంకాల యంత్రంలో ఆర్డూపైలట్ ఆ లెక్కను సెకనుకు 400 సార్లు వేసి, ఏ మోటారు వేగం పెంచాలో, దేనిని తగ్గించాలో చెబుతుంది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు, దిక్సూచిని బట్టి దిశ, ఉపగ్రహాల సంకేతాలను బట్టి ఉన్న చోటు తెలుసుకుంటుంది. మన పిల్లల యంత్రం పక్కకు జరిగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది. వారి వద్ద ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరం లేదు. అది కొనడానికి డబ్బు చాలలేదు. అందుచేత ఆ యంత్రానికి ఒరగకుండా నిలవడం తెలుసు గాని, తాను గాలికి కొట్టుకుపోతున్నానని తెలియదు. ఈ సంగతి నాకు వివరించినది ఠాణా నుంచి తిరిగి వస్తూ ఆ విద్యార్థే. ఫిజిక్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన విద్యార్థి అతడు! మన పరీక్షలు ఏమి కొలుస్తున్నాయో మనమే ఆలోచించుకోవాలి.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. అందరి చేతికీ ఇటువంటి విద్య ఇవ్వడం ప్రమాదం కాదా అని పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేము. 2025 జూన్‌లో ఉక్రెయిన్ డ్రోన్లు రష్యా వైమానిక స్థావరాల మీద దాడి చేసినప్పుడు, వాటిలో ఆర్డూపైలట్ వాడినట్లు పత్రికలు రాశాయి. ఆట కోసం పుట్టినది యుద్ధంలో తేలింది. కానీ అదే డ్రోన్లు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, డాబాల మీద చిక్కుకున్న వారికి అన్నం పొట్లాలు, మందులు చేరవేశాయి. 2021లో మన వికారాబాదులోనే ఆకాశమార్గాన మందులు పంపే ప్రయోగం జరిగింది. కత్తి వంటింట్లోనూ ఉంటుంది, కసాయి చేతిలోనూ ఉంటుంది, హంతకుని చేతిలోనూ ఉండవచ్చు. సైన్యాలకు ఈ విద్య ఎలాగూ అందుతుంది. మూసిపెడితే అందకుండా పోయేది మెకానిక్ కొడుకుకే. అదీగాక, నలుగురి ముందు వెలుగులో నేర్చుకున్న విద్యకు సిగ్గు, బాధ్యత ఉంటాయి. చాటున నేర్చుకున్న దానికి అవి ఉండవు.

బాధ్యత అన్నాను గనుక, మన పిల్లల తప్పు కూడా చెప్పాలి. వారు చట్టం తెలుసుకోలేదు. నిజానికి నేనూ తెలుసుకోలేదు. 2014 అక్టోబరులో మన దేశంలో పౌరులు డ్రోన్లు ఎగురవేయడాన్ని నిషేధించారు. తరువాత క్రమంగా సడలిస్తూ వచ్చి, 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నిబంధనలలో ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీకి ఎనిమిది కిలోమీటర్ల లోపు మాత్రం అనుమతి లేకుండా ఎగురవేయరాదు. దోమలగూడ నుంచి బేగంపేట విమానాశ్రయం అంత దూరం కూడా లేదు. అనగా మన డాబాల మీద పతంగులే గాని డ్రోన్లకు చోటు లేదు. ఇది వేధింపు కాదు, విమానాలలో కూర్చున్న వారి ప్రాణాల లెక్క.

అయితే అదే నిబంధనలలో ఒక వెసులుబాటు కూడా ఉన్నది. ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థ పరిశోధన కోసం, ఆకుపచ్చ మండలంలో, తన అధీనంలోని స్థలంలో డ్రోను ఎగురవేస్తే రిజిస్ట్రేషను, పైలటు సర్టిఫికెటు వంటివి అవసరం లేదు. గమనించండి: ఒంటరి విద్యార్థికి లేని నీడ కళాశాలకు ఉన్నది. పిల్లవాడు డాబా మీద చేస్తే అనుమానమైన పని, కళాశాల పేరు మీద చేస్తే ప్రయోగం అవుతుంది. మెట్ల మీద ఆ తండ్రి పడిన భయానికి మందు ఇక్కడ ఉన్నదని నాకు తోస్తున్నది. "చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్న ప్రశ్నకు దాక్కోవడం జవాబు కాదు, చూసేవాళ్ళను పిలిచి చూపించడమే జవాబు.

నా వంతు సంగతి ఒకటి ఉన్నది. ఈ విద్యను లోకం ఉచితంగా ఇస్తున్నది నిజమే గాని, ఇస్తున్నది ఇంగ్లీషులో. మన విద్యార్థులలో సగం మంది ఉర్దూ మాధ్యమం నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు. తలుపు తెరిచే ఉన్నది, గడప ఎత్తుగా ఉన్నది. ఇదే నగరంలో 1917లో దారుల్ తర్జుమా నెలకొల్పి, ఉస్మానియా విద్యార్థుల కోసం విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. 1968లో మన పొరుగున హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ వెలసి, కళాశాల పాఠ్యపుస్తకాలను తెలుగులో అచ్చువేసింది. ఆ పనికి వారసులం మనం కామా? ఠాణా ఘటన తరువాత ఆ ముగ్గురితోను, వారి తరగతిలోని ఒక విద్యార్థినితోను కూర్చొని, బ్యాటరీ జాగ్రత్తల నుంచి మోటారు తీగలు అతికించడం వరకు ఒక నోటుపుస్తకం రాయడం మొదలుపెట్టాము. ఎడమ పుట తెలుగు, కుడి పుట ఉర్దూ. ఉర్దూ పుటలన్నీ ఆ అమ్మాయి చేతిరాతే. నలభై పుటలు పూర్తయ్యాయి. తెలుగు మాట దొరకని చోట మోటారును మోటారనే రాశాము. పాండిత్యం కన్నా పని ముఖ్యం గదా!

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపాలు మూడు. మొదటిది, పాత సామాను పడవేసిన ఒక గదిని ఖాళీ చేసి, రెండు బల్లలు, రెండు సోల్డరింగు కడ్డీలు, లిథియం బ్యాటరీలు అంటుకుంటే ఆర్పడానికి ఇసుక బకెట్లు ఏర్పాటు చేయండి. అక్కడ ఎగురవేయనక్కరలేదు. ఆర్డూపైలట్‌ను కంప్యూటరు తెర మీదనే నడిపి నేర్చుకునే సాధనం ఉచితంగా దొరుకుతుంది. తెర మీద వందసార్లు కూలినా ఎవరి డాబాకూ నష్టం లేదు. రెండవది, ఏడాదికి నాలుగుసార్లు నగరం వెలుపల ఆకుపచ్చ మండలంలో ఒక మైదానం మాట్లాడి, కళాశాల బస్సులో, అధ్యాపకుని వెంట విద్యార్థినీ విద్యార్థులను పంపండి. మూడవది, ఆ నోటుపుస్తకాన్ని అచ్చువేసి, అడిగిన ప్రతి కళాశాలకు ఉచితంగా ఇవ్వండి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు మన వార్షికోత్సవంలో షామియానాకు, పూలదండలకు అయ్యే ఖర్చును మించదని నా అంచనా.

విద్యార్థులకు కూడా ఒక మాట. కొన్న యంత్రం కన్నా చేసుకున్న యంత్రం మొరటుగా ఉంటుంది, తరచు కూలుతుంది. కానీ కూలినప్పుడు ఎందుకు కూలిందో మీకు తెలుస్తుంది. అది తెలిసినవాడు మళ్ళీ లేపగలడు, ఇంకొకరికి నేర్పగలడు. మన నగరంలో నేడు పొలాలకు మందు చల్లే డ్రోన్లు తయారు చేస్తున్న సంస్థలు పెట్టినవారూ మీ వంటి విద్యార్థులుగా ఉండినవారే. నేర్చుకోండి. చట్టం తెలుసుకోండి. ఇరుగుపొరుగును భయపెట్టకండి. నేర్చుకున్నది రాసిపెట్టండి, దాచుకోకండి.

కమిటీ వారు అంగీకరించిన రోజున నేను మొదట చేయబోయే పని ఒకటున్నది. ఆ మెకానిక్ ఇంటికి వెళ్ళి, ఒక కప్పు చాయ్ తాగి, అటక మీది యంత్రాన్ని దింపి ఇమ్మని ఆ తండ్రినే అడుగుతాను. వీలైతే తొలిరోజు మైదానానికి ఆయనను కూడా బస్సులో మాతో రమ్మంటాను. చట్రం కోసిన చెయ్యి ఆయన షెడ్డులోదే గదా! అది ఎగరడం ఆయన ఇంతవరకు చూడలేదు.