ఎదురొమ్ము బిగువు – భుజమునకు చేటు

షోలాపురమున మన తెలుగువారు తరతరములుగా మగ్గమును నమ్మి జీవించినవారు. పురుషులు మరమగ్గముల యొద్దను, స్త్రీలు బీడీల చేట నొడిలో నుంచుకొనియు, వర్తకులు లెక్కల పుస్తకముపై వంగియు దినము గడుపుచున్నారు. వృత్తులు వేరైనను వంగుట యొక్కటియే. గతయేడు పై అరలోని బట్టతాను దించబోగా నా చేయియే పైకి లేవలేదు. దీనిని వయోధర్మమని సరిపెట్టుకొనుట పొరపాటని నా యభిప్రాయము.

నొప్పి భుజమున నున్నను, మూలము కొంత ఎదురొమ్మున నుండవచ్చును. అచ్చటి చిన్న కండరము మూడు, నాలుగు, ఐదవ ప్రక్కటెముకల నుండి బయలుదేరి రెక్కయెముక ముందుకొనకు అంటియున్నది. అది కురుచయై బిగిసినచో రెక్కయెముకను ముందునకు వంచి పట్టును. చేయి తలపైకెత్తుటకు వలయు 180 డిగ్రీలలో సుమారు 60 డిగ్రీలు ఆ యెముక తిరుగుటవలననే లభించును. అది చక్కగా తిరుగనిచో భుజపు కీలుపై నున్న సందు ఇరుకై, అందలి స్నాయువు ఒరసికొని నొప్పి కలుగవచ్చును, కాలక్రమమున చిరుగనూవచ్చును.

వ్యాయామశాలలకు పోవు మన యువకులును అద్దమున గనబడు రొమ్మును పెంచి, కనబడని వీపును మరచుచున్నారు. పడుగు ఒకవైపు బిగిసి వేరొకవైపు వదులైనచో బట్ట వంకరపోవునని మనకు వేరొకరు చెప్పవలయునా?

ద్వారబంధమునకు ముంజేతుల నానించి, ఒక యడుగు ముందునకు వేసి, రొమ్ము సాగునట్లు 30 సెకండ్లు నిలువవలెను. ఇట్లు మూడు మారులు చేసి, వీపునకు బలము నిచ్చు సాధనయు చేయవలెను. నొప్పి హెచ్చినచో మానవలెను. ప్రతి భుజపునొప్పియు ఇదియే కాదు. మధుమేహము గలవారికి కీలు బిగిసిపోవు వ్యాధి అధికముగా వచ్చును. చెమటతో రొమ్మునొప్పి చేతికి ప్రాకినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

“పూట గడువనివారికి వ్యాయామమా?” యని కొందరందురు. వేయి బీడీల లెక్కన కూలి పొందు తల్లికి చేయి ఆడినంతకాలమే కదా అన్నము! కావున ప్రతి ఆదివారము సంఘభవనమున ఒక గంట, ఫిజియోథెరపీ తెలిసినవారిచే స్త్రీపురుషులకు ఈ శిక్షణ నిప్పించవలెనని కార్యవర్గమునకు నా మనవి. పనివారిని పెట్టుకొన్న నావంటి వర్తకులు గంటకొకమారు రెండు నిమిషములు నడుము నిలుపుకొననిత్తురు గాక! అది దానము కాదు, మన బాధ్యత.